ఆకుపచ్చ బటన్

"నీటిగాజుని ఎప్పుడెప్పుడు పరీక్ష చెయ్యాలి?" అని అడిగింది టైలరమ్మ, ఫోనుని కళ్ళకి ఎడంగా పట్టుకుని.

ఆవిరాయన అద్దం ముందు గెడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా తేలింది, రెండోదాని మీద ఇంకా నురగే ఉంది. రేజరు పక్కన పెట్టి ఆలోచించాడు.

"డ్యూటీ ఎక్కగానే" అన్నాడు.

"ఊఁ. ఇంకా?"

"ఇంకా ఏముంటుంది? అనుమానం వచ్చినప్పుడు." అంటూనే ఎడమచేత్తో చెవితమ్మె పట్టుకున్నాడు. తెలియంది అడిగితే ఈ మనిషి చెయ్యి చెవి మీదికి పోతుందని టైలరమ్మ పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది. ఆ సంగతి ఆయనకి మాత్రం ఇప్పటిదాకా తెలియదు.

నీటిగాజు అంటే బాయిలర్ పొట్టలో నీరు ఎంతవరకు ఉందో బయటికి చూపించే గొట్టం. ఫోనులో జవాబు నాలుగు ముక్కలుగా ఉంది. ఈయన చెప్పింది రెండు. గాజు కొత్తది వేసినప్పుడూ, నీరు నురగెత్తినప్పుడూ చెయ్యాలన్న మిగతా రెండు ముక్కలూ గాలికి పోయాయి. పోతే పోయాయి, సగం చెప్పాడుగా పాపం అనుకుని ఆకుపచ్చ బటన్ నొక్కేసింది. ఫోను టింగుమంది.

"విన్నావా!" అన్నాడు ఆవిరాయన. రెండో చెంప గీసుకుంటూ ఈలపాట మొదలుపెట్టాడు.

ఆయన్ని వీధివీధంతా ఆవిరాయన అనే పిలుస్తుంది. పెద్దాసుపత్రి వెనకాల బాయిలర్ రూములో పని. ఆసుపత్రి దుప్పట్లు ఉతకాలన్నా, రోగులకి వంట కావాలన్నా, ఆపరేషను కత్తెరలు శుభ్రం చెయ్యాలన్నా అక్కణ్ణించి ఆవిరి పోవలసిందే. ఏళ్ళ తరబడి అక్కడ అసిస్టెంటుగానే ఉండిపోయాడు. ఇప్పుడు కొత్తగా వచ్చిన మేనేజరు, సర్టిఫికెట్ లేనివాడు బాయిలర్ దగ్గర నిలబడకూడదని ఆర్డరు వేశాడు. పరీక్ష పాసైతే ఉన్నచోటే ఉంటాడు. లేదంటే లాండ్రీలో మాసిన దుప్పట్ల బండి తొయ్యాలి. ఈయన జాగాలోకి ఎవరో కుర్రాణ్ణి అప్పుడే చూసి పెట్టుకున్నాడట కూడా, చూడండి ఎంత తొందరో!

పరీక్షకి ఇప్పటికే రెండుసార్లు వెళ్ళి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు మొదట ఒక కాగితం చేతికిస్తాడు. అది పైకి చదవాలి, చదివింది సొంత మాటల్లో చెప్పాలి, ఆ పైన అడిగినవాటికి జవాబివ్వాలి. రెండుసార్లూ కాగితం చూడగానే ఈయనకి చెమటలు పట్టాయి, మూడో వరుస దగ్గరే బండి ఆగిపోయింది. వచ్చే శుక్రవారం మూడోసారి. ఇదే ఆఖరని మేనేజరు ముందే చెప్పేశాడు.

పుస్తకం తెరిస్తే చాలు, ఆయనకి ఆవులింతలు ముంచుకొచ్చేవి. ఒక వరుస చదువుతుంటే కిందవరుస అడ్డొస్తోందని, పేజీ చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్నానని విసుక్కునేవాడు. ఆ అవస్థ చూడలేక, మందుల షాపులో పని చేసే కూతురు ఫోనులో ఒక సాఫ్ట్‌వేరు వేసింది. పుస్తకం పేజీలన్నీ ఫొటోలు తీసి దాని కడుపులో పడేసింది. అది ఒక్కో వాక్యాన్నే పెద్ద అక్షరాలతో చూపిస్తుంది. చదివే మాట కింద గీత నడుస్తుంది. పేజీ అయ్యాక, కాసేపాగి అందులోంచే ప్రశ్న అడుగుతుంది. జవాబు గుర్తుంటే ఆకుపచ్చ బటన్, మర్చిపోతే ఎర్రది నొక్కాలి.

చదవడం మటుకు నిజంగానే దారికొచ్చింది. గీత వెంట నడిచి నడిచి, ఇప్పుడు గీత లేకపోయినా నడుస్తున్నాడు. బస్సులో కూర్చుంటే దారి పొడుగునా షాపుల బోర్డులు పైకి చదవడమే. టైలరమ్మకి పక్కవాళ్ళ ముందు సిగ్గేసినా లోపల్లోపల సంబరంగానే ఉండేది. తంటా అంతా ప్రశ్నల దగ్గరే వచ్చింది.

మొదటిరోజు ఆయన జవాబు తప్పు చెబితే ఆవిడ ఎర్రది నొక్కింది. ఫోను దబ్బుమని చప్పుడు చేసి, ఆడగొంతుతో "పర్వాలేదు, మళ్ళీ చూద్దాం" అంది. అంతే, ఆవిరాయన మొహం మాడిపోయింది.

"ఆవిడెవరు నాకు పర్వాలేదని చెప్పడానికి?" అని తువ్వాలు విసిరికొట్టి బయటికి పోయాడు. ఆ రోజు మరి పుస్తకం జోలికి రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాడు బతిమాలి కూర్చోబెట్టి, ఆయన ఏదో సగం సగం చెబితే, మనసు చంపుకోలేక ఆకుపచ్చది నొక్కింది. టింగుమంది. ఆయన మొహం వెలిగింది, ఇంకో పేజీ చదువుతానన్నాడు.

ఇంకేముంది, అక్కణ్ణించి అదే అలవాటైపోయింది. అసలు టైలరమ్మ సంగతే అంత. దుకాణంలో ప్యాంట్లు పొట్టి చెయ్యడం, నడుము వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం ఆవిడ పని. లావెక్కిన మనిషికి నడుము కొలిస్తే, అంకె ఒక అంగుళం తగ్గించి పైకి చెబుతుంది. కుట్టేది మాత్రం అసలు కొలతకే. వచ్చినవాళ్ళు నవ్వుతూ వెళతారు, బట్ట సరిగ్గా పడుతుంది, ఎవరికీ నష్టం లేదు. ఇదీ అలాంటిదే అనుకుంది.

"ఈరోజు ఇంకా ఎన్నున్నాయే?" అన్నాడు ఆవిరాయన మొహం కడుక్కుంటూ.

"అయిపోయాయండీ."

"అప్పుడేనా! మొన్నటిదాకా కుప్పలు తెప్పలుగా ఉండేవి. చూశావా, బుర్రలోకి ఎక్కితే అలాగే తగ్గిపోతాయి" అని తువ్వాలు భుజాన వేసుకుని, కొత్త పెళ్ళికొడుకులా నడిచాడు వంటింట్లోకి.

*

ఆదివారం మధ్యాహ్నం కూతురికి సెలవు. ఆవిరాయన డ్యూటీలో ఉన్నాడు. తల్లి మిషను దగ్గర ఎవరిదో కోటు చేతులు విప్పుతోంటే, కూతురు గచ్చు మీద బోర్లా పడుకుని ఫోను చూస్తోంది.

"అమ్మా, నాన్న ఇంత బాగా చదువుతున్నాడా?"

"మరేమనుకున్నావు మీ నాన్నంటే!"

"ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. మొదటిరోజు తప్ప." కూతురు లేచి కూర్చుంది. "నేను కూడా పరీక్షకి దీంట్లోనే చదివాను. నాకు రోజూ సగం ఎర్రవే వచ్చేవి. ఎవరు నొక్కుతున్నారు బటన్లు?"

టైలరమ్మ కుట్టు మీదికి వంగింది. బ్లేడు కొనతో ఒక్కో దారం తెంపుతోంది. ఇంతసేపూ చకచకా తెగిన దారం ఇప్పుడు బ్లేడుకి దొరకడం లేదు.

"నువ్వేనా?"

"ఆయన చేతికి నూనో సబ్బో ఏదో ఒకటి ఉంటుంది కదే. నేనే నొక్కుతున్నా."

"తప్పు చెప్పినా పచ్చదే నొక్కుతున్నావా?"

"అన్నీ తప్పు చెప్పడు. కాస్త అటూ ఇటూ అవుతుంది. పెద్దవయసు. అంతమాత్రానికి ఆ ఫోనులో మనిషి చేత మాటలు పడాలా?"

కూతురు తల పట్టుకుంది. "అమ్మా, అది మార్కులు వెయ్యడానికి కాదే! పచ్చది నొక్కితే ఈ ముక్క ఈయనకి వచ్చేసింది, ఇప్పట్లో అడగక్కర్లేదని పక్కన పెట్టేస్తుంది. ఒకసారి నొక్కితే నాలుగురోజులు అడగదు. మళ్ళీ నొక్కితే నెల దాకా అడగదు. ఎర్రది నొక్కితేనే రేపు మళ్ళీ అడుగుతుంది. మర్చిపోయినవే మళ్ళీ మళ్ళీ అడిగి గుర్తుండేలా చేస్తుంది. దాని పనే అది."

టైలరమ్మ చేతిలో బ్లేడు ఆగిపోయింది.

"అయితే ఈమధ్య ప్రశ్నలు తగ్గిపోయినవి..."

"వచ్చి తగ్గలేదు. నువ్వు పంపించేశావు. ఇదిగో చూడు." ఫోను తల్లి మొహం ముందు పెట్టింది. తారీకుల పట్టీలో ఈ వారమంతా దాదాపు ఖాళీగా ఉంది. శుక్రవారం దాటాక, ఆ పైవారం నుంచీ నల్లగా ఒకదాని మీదొకటి పేరుకుని ఉన్నాయి. "నాన్నకి రానివన్నీ పరీక్ష అయ్యాక వస్తాయి."

మంచి చేస్తున్నాననుకుని మొగుడి నోట్లో మట్టి కొట్టాను అనుకుంది టైలరమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోటు చేతిలోంచి జారింది.

"వెనక్కి తేలేమా వాటిని?"

"తేవచ్చు, ఒక్క నిమిషం పని. కానీ రోజుకి నాలుగు ప్రశ్నలొచ్చే మనిషికి పొద్దున్నే పుస్తకమంతా ఎదురుగా వచ్చి నిలబడితే ఏమైందని అడగడూ? నువ్వే చెప్పెయ్యి."

"ఎలా చెప్పనే తల్లీ? ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది."

"చెప్పకపోతే శుక్రవారం పోతుంది" అంది కూతురు. చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ చెప్పవలసినది తను కాదు గదా, ఆ పిల్లకేం!

ఆ సాయంత్రం ఆవిరాయన ఈల వేసుకుంటూ వచ్చాడు. బాయిలర్ రూము హెడ్డుగారితో కలిసి టీ తాగానని, పాసైతే అందరికీ తనే టీ ఇప్పిస్తానని మాటిచ్చానని చెప్పాడు. టైలరమ్మ నోరు తెరిచి, కూర బాగుందా అని అడిగి ఊరుకుంది.

*

సోమవారం ఆయన భోజనం డబ్బా మర్చిపోయి వెళ్ళాడు. ఆవిడ దుకాణానికి తాళం వేసి, డబ్బా పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంది. బాయిలర్ రూము గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అన్నీ మర్చిపోయింది.

లోపల వేడి మొహానికి కొట్టింది. పెద్ద ఇనప పీపా లాంటి బాయిలర్ అడ్డంగా పడుకుని ఉంది. ముందువైపు చిన్న కిటికీలోంచి మంట కనిపిస్తోంది. పక్కన నీటిగాజులో నీరు సన్నగా వణుకుతోంది. ఆవిరాయన గుడ్డముక్కతో ఒక వాల్వు చక్రం తుడుస్తున్నాడు. చువ్వ చువ్వకీ మధ్య వేలు పెట్టి, నూనె మరక కనపడితే నోటి ఆవిరి ఊది మరీ తుడుస్తున్నాడు. దుప్పట్ల బండి తోసే పనిలో ఈ మనిషిని ఊహించుకోవడానికి కూడా టైలరమ్మకి ప్రాణం ఒప్పలేదు.

హెడ్డుగారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి.

"రామ్మా, రా. మీ ఆయన పుస్తకమంతా మింగేశాడటగా?"

"ఏదైనా అడగండి" అన్నాడు ఆవిరాయన, పెళ్ళాం ముందు ఛాతీ విరుచుకుని.

"సరే, తేలికదే అడుగుతా. ఆ గాజులో నీరు అసలు కనబడటం లేదనుకో. మంట మండుతోంది. మొట్టమొదట ఏం చేస్తావు?"

"అదేం ప్రశ్న? పంపు వేసి నీళ్ళు ఎక్కిస్తా. ఆ తర్వాత మంట ఆపుతా."

హెడ్డుగారు నవ్వబోయి ఆగాడు. "అలా చేశావంటే నువ్వుండవు, నేనుండను, ఈ గోడా ఉండదు. లోపల ఇనుము ఎర్రగా కాలి ఉంటుంది. దాని మీద నీళ్ళు పడితే ఇంకేమైనా ఉందా? ముందు మంట ఆపాలి. పంపు ముట్టుకోకూడదు."

"తమాషాకి అన్నానండీ! ఆ మాత్రం తెలియదా?" అన్నాడు ఆవిరాయన. ఆయన చెయ్యి చెవితమ్మె మీదికి పోయింది.

టైలరమ్మకి వెంటనే గుర్తొచ్చింది. ఆ ప్రశ్న ఫోనులోనూ వచ్చింది. ఇదే జవాబు చెప్పాడు. పంపు, ఆ తర్వాత మంట. రెండూ చెప్పాడుగా, ముందూ వెనకా అయితే ఏం పోయిందని తనే ఆకుపచ్చది నొక్కింది. ఇన్నేళ్ళలో ఆ గాజులో నీరు మాయమవడం ఈయన ఒక్కసారి కూడా చూడలేదు. చూడనిది చదివే తెలుసుకోవాలి. తను తెలుసుకోనివ్వలేదు.

బల్ల మీద డబ్బా పెట్టి, కళ్ళు పైకెత్తకుండా బయటికి వచ్చేసింది. ఇప్పటిదాకా ఉద్యోగం పోతుందనే భయపడింది. ఇప్పుడు అసలు మనిషే పోతాడేమోనని.

*

సాయంత్రం టీ గ్లాసు చేతికిచ్చి, ఫోను తీసుకుని ఎదురుగా కూర్చుంది. కూతురు షాపు నుంచి వస్తూనే ప్రశ్నలన్నీ వెనక్కి తెచ్చి పెట్టి, చెప్పులు విప్పే మిషతో గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

"సేఫ్టీ వాల్వుని ఎవరు సర్దాలి?"

"హెడ్డుగారు" అన్నాడు ఆవిరాయన తడుముకోకుండా.

సర్దే అధికారం ఇన్‌స్పెక్టరుకి తప్ప ఎవరికీ లేదని ఫోనులో ఉంది. టైలరమ్మ వేలు అలవాటుగా ఆకుపచ్చ మీదికి పోయింది. బలవంతాన ఎర్రదాని మీదికి లాక్కొచ్చి నొక్కింది.

ఫోను దబ్బుమంది. "పర్వాలేదు, మళ్ళీ చూద్దాం."

ఆవిరాయన గ్లాసు కింద పెట్టాడు. "వేలు జారిందా?"

"లేదండీ. తప్పు చెప్పారు."

"ఇన్నాళ్ళూ లేని తప్పులు ఇవాళెక్కణ్ణించి వచ్చాయి?"

"ఇన్నాళ్ళూ ఉన్నాయి. నేనే పచ్చది నొక్కాను." మాట మొదలయ్యాక ఇక ఆగలేదు. ఎన్నిసార్లు నొక్కిందో, ఎందుకు నొక్కిందో, పోయిన ప్రశ్నలు ఎక్కడికి పోయాయో, మధ్యాహ్నం బాయిలర్ దగ్గర తను ఎంత భయపడిందో అన్నీ ఏడుస్తూ చెప్పేసింది.

ఆయన గ్లాసుని పక్కకి జరిపాడు. తర్వాత అడిగాడు. "అయితే నాకు వచ్చినవి ఎన్ని? నువ్వు నొక్కినవి ఎన్ని?"

"ఏమో, నాకు తెలియదండీ."

"నీకూ తెలియదు, నాకూ తెలియదు. బాగుంది!" లేచి నిలబడ్డాడు. "పొద్దున్నే అద్దం ముందు నేను ఈల వేస్తుంటే, నువ్వు నన్ను చూసి జాలిపడుతున్నావన్నమాట. ఈ ఇంట్లో నేను చంటిపిల్లాణ్ణా?"

"అంత మాటెందుకు నాన్నా, అమ్మ మంచికే..." అంది కూతురు.

"నువ్వూరుకో. వీధంతా చెప్పుకున్నాను, నాకు అంతా వచ్చేసిందని. హెడ్డుగారితో చెప్పాను." లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు.

మంగళవారమంతా కొండెక్కి కూర్చున్నాడు. టీ ఇస్తే తాగాడు, డబ్బా ఇస్తే పట్టుకెళ్ళాడు, నోరు మాత్రం విప్పలేదు. ఫోను బల్ల మీద బోర్లించి ఉంది. టైలరమ్మ దుకాణంలో కూర్చుని ఒకరి ప్యాంటు రెండుసార్లు పొట్టి చేసి పాడు చేసింది. నొక్కినన్నాళ్ళూ సుఖంగా ఉంది, నిజం చెప్పగానే ఇల్లు మూగబోయింది, ఏది మంచిదో నాకేం తెలుసు అని తనలో తను గొణుక్కుంది. పోయినవాటిలో సగం కూడా రెండురోజుల్లో రావు. అసలు మొదలుపెడితే కదా, రావడం!

బుధవారం పొద్దున్న ఆయనకి డ్యూటీ లేదు. ఆవిడ దుకాణానికి వెళ్ళబోతూ తాళాలు వెతుక్కుంటోంది.

"నిన్న డ్యూటీలో గాజు ముందు నిలబడ్డానే" అన్నాడు వెనకనించి.

ఆవిడ తిరిగి చూసింది. బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, గెడ్డం కూడా గీసుకోలేదు.

"కళ్ళు మూసుకుని, ఇప్పుడు నీరు లేదు అనుకున్నా. అనుకుని కళ్ళు తెరిచా. చూస్తే నా చెయ్యి పంపు మీద ఉంది." ఆ చేతినే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "హెడ్డుగారు మొన్ననే కదా చెప్పాడు! చెవిన పడింది, బుర్రలోకి పోలేదు. భయమేసిందే నాకు. లోపల వంటవాళ్ళున్నారు, పక్కన లాండ్రీలో ఆడవాళ్ళున్నారు."

టైలరమ్మ తాళాలు బల్ల మీద పెట్టేసి కూర్చుంది.

"ఊఁ, అడుగు" అని ఫోను ముందుకి తోశాడు. "మొహమాటపడ్డావంటే ఊరుకోను."

ఆ రోజు ఇంట్లో దబ్బుదబ్బుమని ఒకటే చప్పుడు. మొదట ఒక్కో దెబ్బకీ ఆయన మొహం గంటు పెట్టుకునేవాడు. మధ్యాహ్నానికి, "నొక్కు, నొక్కు, తప్పే అది" అని తనే ముందుగా ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. తప్పినచోటల్లా మళ్ళీ ఆ పేజీ తెరిచి, వేలు పెట్టి వాక్యం వాక్యం పైకి చదివాడు. ఒక వాక్యం నాలుగుసార్లు చదివి, ఐదోసారి ఫోను మూసి ఒప్పజెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ అడిగింది, అంట్లు కడుగుతూ అడిగింది. నీరు మాయమయ్యే ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. గురువారం సాయంత్రానికి, నిద్రలో లేపి అడిగినా "ముందు మంట" అనేలా తయారయ్యాడు.

అయినా చివరి పాఠం మిగిలిపోయింది. నీళ్ళలో కరిగిన లవణాల సంగతి, ఏ మోతాదు దాటితే ఎంత నీరు వదలాలన్న అంకెల సంగతి. అది మొదలుపెట్టేసరికి ఇద్దరికీ కళ్ళు మూతలు పడ్డాయి. తను పాడు చేసిన రోజులుంటే ఆ పాఠమూ అయ్యేది కదా అనుకుని టైలరమ్మ కుమిలిపోయింది.

*

శుక్రవారం దుకాణం మూసేసి తనూ వెంట వెళ్ళింది. పరీక్ష పెట్టే ఆఫీసులో పొడుగాటి వసారా, గోడ పక్కన బల్లలు. వచ్చినవాళ్ళు పది పన్నెండుమంది ఉన్నారు. లోపలికి వెళ్ళి వచ్చినవాడల్లా, ఏమడిగారని మిగతావాళ్ళు మూగితే, ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చానని చేతులు ఊపుతున్నాడు. ఉక్కపోతకి గది తలుపు తెరిచే ఉంచారు. టైలరమ్మ తలుపుకి దగ్గరగా ఉన్న బల్ల మీద కూర్చుంది. లోపలున్నవాళ్ళు కనబడరు గాని మాటలు వినిపిస్తాయి.

ఆవిరాయన లోపలికి వెళ్ళాడు. కాగితం చప్పుడైంది. పోయిన రెండుసార్లూ ఇక్కడే ఆగిపోయాడు.

"బాయిలరు... వెలిగించడానికి ముందు..." మెల్లగా వచ్చింది ఆయన గొంతు. ఒక వరుస అయింది, రెండో వరుస అయింది. మూడో వరుసలో ఒక మాట దగ్గర తడబడ్డాడు, వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నాడు. అలాగే కాగితం చివరిదాకా వెళ్ళిపోయాడు. చదివింది సొంత మాటల్లో చెప్పమంటే చెప్పాడు.

"నీటిగాజులో నీరు కనబడటం లేదు. ఏం చేస్తారు?"

"ముందు మంట ఆపుతానండీ. పంపు ముట్టుకోను. అందర్నీ బయటికి పంపి హెడ్డుగారికి కబురు పెడతాను" అన్నాడు. ఆవిడకి ఏడుపొచ్చినంత పనయింది.

ఇన్‌స్పెక్టరు ఇంకా నాలుగైదు అడిగాడు. ఒకదానికి కాస్త ఆలస్యమైనా జవాబులన్నీ వచ్చాయి. తర్వాత అడిగాడు. "బాయిలరు నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతవరకు ఉండొచ్చు?"

టైలరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏదో ఒకటి చెప్పండి, ఏదో ఒక అంకె చెప్పండి అని మనసులోనే మొరపెట్టుకుంది. ఎంత బుద్ధి తెచ్చుకున్నా, కష్టం వచ్చేసరికి పాత బుద్ధే ముందుకొచ్చింది పాపం.

"నాకు తెలియదండీ" అన్నాడు ఆవిరాయన.

"అందాజుగా చెప్పండి, పర్వాలేదు."

"అందాజు కూడా తెలియదు. ఆ పాఠం చదవడం అవలేదు. ఊరికే ఏదో అంకె చెప్పడం ఎందుకండీ?"

కుర్చీ కిర్రుమంది. ఇన్‌స్పెక్టరు వెనక్కి వాలినట్టున్నాడు. "పొద్దుటినుంచీ ఇంతమంది వచ్చారు. తెలియదన్న మాట ఒక్కడి నోటా రాలేదు. తెలియనిదానికి కూడా కథలే. ఈ అలవాటు ఎవరు నేర్పారు మీకు?"

"మా ఆవిడండీ."

టైలరమ్మ కళ్ళు తెరిచింది.

"మొహమాటం లేని మనిషండీ. తప్పు చెబితే తప్పని మొహం మీదే అనేస్తుంది. నేను ఏమైనా అనుకుంటానని కూడా చూడదు. పెళ్ళయినప్పటినుంచీ అంతే" అన్నాడు ఆవిరాయన. ఆ చెప్పడంలో ఎక్కడా తడబాటు లేదు.

పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఒకతను, "మీరేనామ్మా?" అని అడిగాడు కూడా. టైలరమ్మ అవుననలేదు, కాదనలేదు. తలొంచుకుని, చేతిసంచీ పట్టీని వేలికి చుట్టి విప్పి, మళ్ళీ చుట్టింది. వారం కూడా కాలేదు తను తప్పుని తప్పని నొక్కడం మొదలుపెట్టి. ఆ సంగతి ఆయనకి తెలియదా? ఒక్కరోజు మాట్లాడకుండా తనని ఏడిపించిన మనిషికి తెలియదా?

లోపల స్టాంపు పడిన చప్పుడైంది.

ఆవిరాయన కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఆవిడ పక్కనే బల్ల మీద కూలబడి, "చదువు" అని కాగితం చేతికిచ్చాడు.

చదవబోయింది. కళ్ళనిండా నీళ్ళే, అక్షరం ముక్క కనబడలేదు. "నా వల్ల కావట్లేదండీ, మీరే చదవండి" అంది.

ఆయన కాగితం అందుకుని కాస్త దూరంగా పట్టుకున్నాడు. వసారాలో అందరూ వింటున్నారని కూడా చూడకుండా పైకి చదివాడు. "ఇందుమూలముగా... ఈ అభ్యర్థి... బాయిలరు నిర్వహణకు... తాత్... తాత్కా..." ఆగి, ఆ మాట మొదటికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు. "తాత్కాలికముగా అర్హుడని... ధ్రువీకరించడమైనది. ఆరు నెలల లోపల... నీటి శుద్ధి పాఠములో... తిరిగి పరీక్షకు... హాజరు కావలెను."

"అంటే?" అంది టైలరమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"అంటే బాయిలర్ దగ్గరే ఉంటాను. ఆర్నెల్లకి ఆ ఒక్క పాఠం అప్పజెప్పాలి" అన్నాడు ఆవిరాయన. కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయి, ఏమనుకున్నాడో, మళ్ళీ విప్పి మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాడు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా, చివరి మాటదాకా కూర్చుని వింది.